వాకిట్లోనే నిలబడిన అడ్రసు

3 ఆగస్టు 2015, సోమవారం

మైదుకూరు బస్టాండు ఎదురుగా, టీ అంగడికీ చెప్పుల అంగడికీ నడుమ, పది అడుగుల వెడల్పూ పన్నెండు అడుగుల పొడవూ గల సామ్రాజ్యాన్ని ఏలుచున్న కంబన్న అను నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నేటి నుండి అమలులోకి తెస్తున్న శాసనం. ఒకటి: నా ప్లాస్టిక్ స్టూలు మీద నేను తప్ప మరెవ్వరూ ఆసీనులు కారాదు. దానికి ఒక కాలు పొట్టి. దాని మీద ఎట్ల కూర్చోవాలనో ఈ లోకంలో నా పిర్రలకు మాత్రమే తెలుసు. రెండు: ఫ్యాను రెండో నంబరు దాటరాదు. దాటితే జిరాక్సు కాగితాలన్నీ చెప్పుల అంగట్లోకి వలస పోతాయి. మూడు: మౌసును ముట్టుకునే ముందు మిరపకాయ బజ్జీ నూనె ఎవరి పంచెకు వాళ్లే తుడుచుకోవలెను. శాసనం సమాప్తం. సభకు హాజరైనవాళ్లు: నేను, గోడ మీద బల్లి.

ఎరువుల అంగడాయన జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఏడు నెలలు ఒక్క అక్షరం రాయల్యా. ఈ పొద్దు ఎందుకు రాస్తాండానంటే ఈ పొద్దు నా మెడలో కార్డు పడింది. నీలం తాడు, నా ఫోటో, కింద 'నమోదు కేంద్రం'. కర్నూలు ట్రస్టు వాళ్లు కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టినారు. కడపలో ఒకటి, కర్నూల్లో ఒకటి, నెలాఖరు దాకా. మా మండలంలో పేర్లు ఎక్కించే పని నా నెట్ సెంటరుకే ఇచ్చినారు. వాళ్ల సైటు తెరవాల. ఊరు నొక్కాల. తేదీ నొక్కాల. 'ఖాయం' నొక్కాల. స్లిప్పు వస్తాది, ఇంగ్లీషులో.

కార్డు ఇచ్చినాయన నన్ను 'కంబన్నగారూ' అన్న్యాడు. ఎనకాల ఎవురన్నా నిలబడినారేమో అని తిరిగి చూసినా. పదో తరగతి రెండుసార్లు తప్పినోన్ని. నలభై ఎనిమిదేండ్లలో నన్ను గారూ అన్నోడు ఈయనే మొదలు.

మా ఇంటామె సుబ్బరత్నమ్మ కార్డు చూసి, "ఆవుకు గంట కట్టినట్టుండాది" అనింది. ఓర్వలేనితనం.

కార్డు మీద హెల్ప్‌లైను నంబరు ఉండాది. ఊరికే ఉండలేక ఫోన్ కొట్టి, గొంతు మార్చి, "నేను కలెక్టరుగారి పెద్ద బామ్మర్దిని, నా ఎడమ కంటికి పెండ్లాం అందంగా కనపడతాంది, ఇది ఏం జబ్బు?" అని అడిగినా. అవతల నాగజ్యోతి అని ఒక పాప. పాపం, "ఎన్ని రోజుల నుంచి సార్?" అని రాసుకుంటాంది. నవ్వాపుకోలేక దొరికిపోయినా. నంబరు ఆ పాపకు కనపడతాదంట. "మైదుకూరు సెంటరే కదా సార్" అనింది. నవ్వల్యా.

6 ఆగస్టు, గురువారం

ఈ పొద్దు మొదటి బేరం. జీవమ్మక్క, కూతురు దీవెన వచ్చినారు. చర్చి వీధి వాళ్లు. జీవమ్మక్క జీవితమంతా కలుపు తీసి, పసుపు కొమ్ములు ఏరి బతికిన మనిషి. కుడి కన్ను ఏండ్ల కిందటే పోయింది, ఎవురో చెప్పినారని ఆకు పసరు పోయించుకుని. ఇప్పుడు ఎడమ కంటికి పొర. నన్ను గొంతును బట్టే గుర్తు పట్టింది.

"కంబన్నా, ఈ కంప్యూటరు నీది ఏం కాలంది అబ్బీ? ఎద్దు మాదిరి రొప్పుతాంది" అనింది.

"మన ఇద్దరికంటే చిన్నదే అక్కా. తెలుగు టైపు చేసేదీ, ప్రింటరూ ఈ పాత దాంట్లోనే పలుకుతాయి. కొత్తది తెచ్చినా ప్రింటరు దాంతో మాట్లాడల్యా. అలిగింది."

కడప నొక్కినా. పద్దెనిమిదో తేదీ నొక్కినా. ఖాయం నొక్కినా. స్లిప్పు వచ్చింది. దీవెన మందుల అంగడికి పోయింది చుక్కల మందుకు. స్లిప్పు జీవమ్మక్క చేతికిచ్చినా.

ఈ మధ్యాన్నం ఎద మీద కార్డు పెట్టుకుని కాసేపు కునుకు తీసినా. మంచి రోజు.

11 ఆగస్టు, మంగళవారం

పదకొండు మందికి స్లిప్పులిచ్చినా. అందరికీ కడపే. మైదుకూరు నుంచి కర్నూలు ఎవురు పోతారు, పొద్దంతా బస్సులోనే అయిపోతాది.

సైటుకు దయ్యం పట్టింది. తేదీ నొక్కినాక వెనక్కి పోదామని బాణం గుర్తు నొక్కితే ఒకసారి తేదీల కాడికి పోతాది, ఒకసారి మొదటి పేజీకి పోతాది, ఒకసారి తెల్లమొగం వేస్తాది. మూసి తెరిస్తే బాగైతాది. నా మాదిరే, పొద్దున లేచినప్పుడు బుద్ధిగా ఉంటాది.

12 ఆగస్టు

బద్వేలు బస్సు యాడ ఆగుతాదని ఒకాయన అడిగితే పోస్టాఫీసు చూపించినా. ఆయన పోయి జాబులు వేసే ఎర్ర డబ్బా పక్కన సంచి పెట్టుకుని నిలబడినాడు. బస్సు కదిలే ముందు ఈల వేసి పిలిచినాలే. టీ అంగడాయన కప్పు దించకుండా నవ్వినాడు.

19 ఆగస్టు, బుధవారం

ఏం జరిగిందో నాకు అర్థం కాల్యా. వరసగా రాస్తా.

పొద్దున తొమ్మిదికి అంగడి తలుపు ఎత్తుతాంటే దీవెన వచ్చింది. రావడమే స్లిప్పు నా మొగాన ఆడించింది.

"ఏం కంబన్నా, ఇది నీ తమాషాల్లో ఎన్నోది?"

"ఏమైంది మ్మే?"

"నిన్న మాయమ్మను పట్టుకుని కడపకు పోయినా. పొద్దున ఏడుకు పోతే మధ్యాన్నం రెండు దాకా కూర్చోబెట్టినారు. లిస్టులో పేరు లేదన్న్యారు. ఈ కాగితంలో ఏముండాదో చదువు."

చదివినా. కర్నూలు అని ఉండాది. తేదీ పద్దెనిమిదే. ఊరు కర్నూలు. స్లిప్పు మీద పెద్దక్షరాలతో, మబ్బు లేని ఎండలో కనపడినట్టు కనపడతాంది.

"నేను కడపే నొక్కినా" అన్న్యా.

"నొక్కినావో తొక్కినావో. ఆడ డాక్టరమ్మ జాలిపడి మాయమ్మ కన్ను చూసింది. పొర ముదిరిపోయిందంట, లోపల ఒత్తిడి పెరుగుతాందంట. ఈ నెల దాటితే చూపు వస్తాదని చెప్పలేం అనింది. ఉండేది ఒక్క కన్ను కంబన్నా."

స్లిప్పు తిప్పి వెనక పక్క కూడా చూసినా.

"పెద్దాసుపత్రికి పోదామంటే మాయమ్మ రానంటాది. ఒక కన్ను నలుగురి చేతుల్లో పెట్టి పోగొట్టుకున్న్యా, ఇది ఆ డాక్టరమ్మే ముట్టుకోవాల అంటాది. స్లిప్పు ఇచ్చేటప్పుడు నువ్వు చూసుకోవద్దా?"

చూసినా. చెప్పినా. ఆ పొద్దు జీవమ్మక్కకు చెప్పినా, 'అక్కా, ఇందులో కర్నూలని పడింది, నేను కనుక్కుంటా, అంతదాకా కడపకు పోవాకు' అని. దీవెన మందుల అంగట్లో ఉన్న్యింది కాబట్టి వినల్యా. అదే చెప్పినా దీవెనకు.

దీవెన నన్ను చూసింది. స్లిప్పు మడిచి పోయింది.

మిగతా పది స్లిప్పుల నకళ్లు తీసి చూసినా. పదీ కర్నూలే. నేను పదీ కడపే నొక్కినా. నాకేమన్నా అయిందా?

20 ఆగస్టు, గురువారం

హెల్ప్‌లైనుకు ఫోన్. నాగజ్యోతే ఎత్తింది. ఫోన్లు ఎత్తేదీ ఆ పాపే, సైటు చేసిందీ ఆ పాపేనంట.

"పాపా, మైదుకూరు నుంచి కంబన్నను. నీ సైటులో కడప నొక్కితే కర్నూలు వస్తాంది."

"సార్, ఇవాళ ఎవరి బామ్మర్ది?"

"నిజంగా చెప్తాండా."

"అన్ని మండలాల్లో సెంటర్లున్నాయి సార్. ఎవరికీ రాలేదు. నేనిప్పుడే ఇక్కడ నొక్కాను, కడప నొక్కితే కడపే వచ్చింది. ఇక్కడ నలభై కాల్స్ ఉన్నాయి, మీకు నవ్వులాటగా ఉందా?"

పెట్టేసింది.

ఇంతకాలం నేను చెప్పిన అబద్ధాలన్నీ నమ్మినారు. ఇప్పుడు ఒక్క నిజం చెప్తే నమ్మరు. దీనికెవురిమీద కేసు పెట్టాల?

21 ఆగస్టు

కడప నొక్కినా. కర్నూలు వచ్చింది. మళ్లా నొక్కినా. మళ్లా వచ్చింది.

22 ఆగస్టు, శనివారం

సుబ్బరత్నమ్మ ఫోన్ లాక్కుని దాంట్లో సైటు తెరిచినా. కడప నొక్కితే కడప. ఖాయం నొక్కినాక చూసినా కడపే. అంగట్లో కంప్యూటర్లో అదే సైటు, అదే వేలు, కడప నొక్కితే కడప కనపడతాది, తేదీ కూడా కనపడతాది, ఖాయం నొక్కితే మాత్రం కర్నూలు. పది మార్లు చేసినా. ఎడమచేత్తో నొక్కినా. కండ్లు మూసుకుని నొక్కినా. బయట టీ అంగడాయన, "ఏం కంబన్నా, పిడకలు చరిచినట్టు చరుస్తాండావే మౌసును" అన్న్యాడు.

ఒకటి కనిపెట్టినా. ఫోన్లో లోపలికి పోయే కొద్దీ పైన గడిలో అడ్రసు మారతాది. మొదట క్యాంపు అని ఉంటాది, ఊరు నొక్కితే ఊరి పేరు దాని పక్కన చేరతాది, తేదీ నొక్కితే తేదీ చేరతాది. నా కంప్యూటర్లో అట్ల కాదు. క్యాంపు అనే కాడ ఆగిపోతాది. దాని తర్వాత ఒక గడి గుర్తు పడతాది, ఫోనులో బ్యాలెన్సు చూసేటప్పుడు ఆఖర్న నొక్కే # గుర్తు. ఊరూ తేదీ అన్నీ ఆ గుర్తు ఎనకాల తోక మాదిరి వేలాడతాయి.

ఇదేమిటో తెలీదు. రాసి పెట్టుకుంటాండా. మధ్యాన్నం అన్నం తినల్యా, ఆకలి కాక కాదు, మర్చిపోయినా.

జీవమ్మక్కకు ఆ పొద్దు చెప్పినా. ఆయమ్మ తల ఊపింది కూడా.

24 ఆగస్టు, సోమవారం

పొద్దున చర్చి వీధికి పోయినా. దీవెన పనికి పోయింది. జీవమ్మక్క ఒక్కతే ఉండాది.

"ఎవురది? కంబన్నవా? చెప్పులు ఈడ్చుకుంటా వచ్చినావు, నువ్వే. కూర్చో అబ్బీ, మంచి నీళ్లు ఇస్తా."

వద్దక్కా అన్నా వినల్యా. లేచింది. నేను చూస్తాండా. ఆయమ్మ ముందు పోయి తలుపు చెక్కను ముట్టుకుంది. ఆడి నుంచి పెదాలు కదుపుతా అడుగులు లెక్కపెట్టుకుంటా నడిచింది. ఏడు అడుగులు. చెయ్యి చాపితే కుండ. మూత తీసి, గ్లాసు ముంచి, వెనక్కి తిరిగి ఏడు అడుగులు, తలుపు. ఆడి నుంచి మూడు అడుగులు, నేను. ఒక్క చుక్క ఒలకల్యా.

"అక్కా, భలే నడుస్తాండావే."

"తలుపు కాడి నుంచి అన్నీ లెక్కే. కుండకు ఏడు, పొయ్యికి తొమ్మిది, మంచానికి నాలుగు. మొన్న దీవెన మంచం జరిపింది చిమ్మేదానికి. నేను మంచం మీద నుంచే లేచి, తలుపు కాడ ఉండానని మతి పెట్టుకుని ఏడు అడుగులేసినా. పోయి గోడకు గుద్దుకున్న్యా. ఇంద చూడు." నుదురు చూపించింది. నిమ్మకాయంత బొప్పి.

ఏడు అడుగుల్లో తప్పు లేదు. లెక్క సరిగ్గానే ఉండాది. యాడ నిలబడి లెక్కపెట్టిందో అది తప్పు.

నేను బస్టాండు కాడ జనాలకు దారి చెప్పేది కూడా అట్లే. 'ఈడి నుంచి రెండో సందు' అంటా. ఆయన నాలుగడుగులు పోయి అప్పుడు లెక్క మొదలుపెట్టి, ఆడి నుంచి రెండో సందు పోతాడు.

"అక్కా, కడప క్యాంపుకు నేను..." అన్న్యా.

"దానికేం లే అబ్బీ. దేవుడు చూపిస్తే చూస్తా. దీవెన మొగమొక్కటి పొద్దున పూట చూసుకుందామని ఉండాది. దానికి తల నెరిసిందంటారు. నేను చూడనే ల్యా. నా లెక్కలో అది ఇంకా నల్లటి జడది."

నీళ్లు తాగి వచ్చేసినా. చెప్పాలనుకున్న్యది ఏమిటో చెప్పకుండా వచ్చేసినా. ఏమిటో కూడా ఈడ రాయను.

25 ఆగస్టు, మంగళవారం

నాగజ్యోతికి ఫోన్ చేసి, ఆ పాప నోరు తెరిచే లోపలే చెప్పినా: "మేడం, నవ్వులాట కాదు. పైన గడిలో ఉండే అడ్రసు అక్షరం అక్షరం చదువుతా, విను. తర్వాత తిట్టు."

చదివినా. క్యాంపు, ఏటవాలు గీత, గడి గుర్తు, కడప, ఇరవై ఎనిమిది.

అవతల టకటకమని ఏందో కొట్టుకునింది.

"సార్, మీ బ్రౌజరు ఏది?"

"బ్రౌజరంటే?"

"దేన్ని నొక్కి ఇంటర్నెట్టుకు పోతారు?"

"నీలం రంగు 'ఈ' బొమ్మ."

"అయ్యో" అనింది. ఆ 'అయ్యో' వినేదానికి నేను అయిదు రోజులు కాచుకున్న్యా. "ఎప్పటిది సార్ అది?"

"నా చిన్న మేనల్లునికంటే పెద్దది."

అప్పుడు చెప్పింది. నాకు అర్థమైనంత వరకు ఇది. కొత్త బ్రౌజర్లలో మనం ఒక పేజీ లోపలికి పోతే పైన అడ్రసు కూడా మనతోపాటు లోపలికి వస్తాది. నా పాతదానికి ఆ విద్య రాదు. మనిషి లోపలి గదిలో ఉంటాడు, అడ్రసు వాకిట్లోనే నిలబడుంటాది, గడి గుర్తుకు తోక కట్టుకుని. ఆ పాప లింకుల్లో పూర్తి అడ్రసు రాయకుండా, 'ఉన్నకాడి నుంచి పక్కది' అని రాసింది. కొత్తవాటిలో ఉన్నకాడ అంటే కడప గది. నా దాంట్లో ఉన్నకాడ అంటే వాకిలి. వాకిట్లోంచి పక్కదంటే మొదటి గది. మొదటి గది కర్నూలు.

"మంచం మీద నుంచి ఏడు అడుగులు" అన్న్యా.

"ఏంటి సార్?"

"ఏం లేదు. లెక్క వాకిట్లోంచే మొదలుపెట్టమని నీ లింకులకు చెప్పు."

"అదే చేస్తాను. ప్రతి లింకూ మొదటి నుంచి పూర్తిగా రాస్తాను. నేను కొత్త బ్రౌజర్లలోనే చూశాను సార్. పల్లెల్లో ఇంకా ఇవి ఉంటాయని తోచలేదు. సారీ సార్."

గంటన్నర తర్వాత నొక్కినా. కడప నొక్కితే కడప. మిగతా పది మందికీ తేదీలు ఇంకా దాటలేదు, స్లిప్పులు మార్చి ఇచ్చేసినా. గెలిచినా! నా మీద ఏ దయ్యమూ లేదు, నా వేలులో తప్పు లేదు.

జీవమ్మక్క సంగతి అడిగినా. "కొత్తగా సీట్లు లేవు సార్. సైటు తప్పు వల్ల తేదీ పోయినవాళ్లకు మూడు విడిగా పెట్టించాను. సోమవారం, ముప్పై ఒకటి, ఆఖరి రోజు, కర్నూల్లో. కడప డాక్టరమ్మే వస్తుంది. లిస్టు శుక్రవారం సాయంత్రం అయిదుకు మూసేస్తారు. ఒక్క ప్రశ్న రాయాలి: స్లిప్పులో తప్పు ఉందని సెంటరు వాళ్లు రోగికి చెప్పారా?"

"చెప్తే ఏమి, చెప్పకపోతే ఏమి?"

"చెప్పినా కూడా కడపకు పోయుంటే ఆమె రానట్టు లెక్క. సీటు రాదు, మళ్లీ ఫిబ్రవరి క్యాంపే. చెప్పకపోయుంటే సీటు వస్తుంది. కానీ స్లిప్పు చదివి చెప్పడం సెంటరు పని కదా సార్, కార్డు వెనక్కి తీసుకుంటారు."

"చెప్పినా" అన్న్యా.

నోట్లోంచి వచ్చేసింది. వచ్చేసిందంటే, నిజమే కాబట్టి వచ్చింది. చెప్పినా, ఆయమ్మ తల ఊపింది, స్లిప్పు కొంగు ముడిలో పెట్టుకుంది.

26 ఆగస్టు, బుధవారం

ట్రస్టు వాళ్లు జీవమ్మక్కకు ఫోన్ చేసి అడిగినారంట. దీవెన మధ్యాన్నం అంగడికి వచ్చి చెప్పింది. ఈసారి అరవల్యా. అరిచింటే బాగుండు.

"మాయమ్మ ఏం చెప్పిందో తెలుసా? 'కంబన్న చెప్పినాడంటే చెప్పే ఉంటాడులే అమ్మా, నాకే మతిమరుపు. ముసలిదాన్ని' అని. సీటు లేదన్న్యారు."

నేను జిరాక్సు కాగితాలు సర్దుతాండా.

"మాయమ్మకు మతిమరుపు లేదు కంబన్నా. కుండకు ఎన్ని అడుగులో, నా చిన్నప్పుడు ఏ ఆదివారం ఏ గౌను వేసుకున్న్యానో అన్నీ చెప్తాది. ఇప్పుడు పొద్దున్నుంచి తనను తానే తిట్టుకుంటాంది. మతి పోతాందేమో, కన్ను వచ్చినా ఏం లాభం అంటాంది."

పోయేటప్పుడు స్టూలును అడ్డం లేకుండా పక్కకు జరిపి పోయింది. మర్యాదగా.

నేను చెప్పినా. తల ఊపింది. కొంగు ముడి. అప్పుడే ప్రొద్దుటూరు బస్సు హారను కొట్టింది, నేను మళ్లా గట్టిగా చెప్పినా, 'కడపకు పోవాకు' అని. హారను కూడా గుర్తుండాది నాకు.

27 ఆగస్టు, గురువారం

సుబ్బరత్నమ్మ రేపటి శ్రావణ శుక్రవారానికి పసుపు నూరుతాంది. పక్కన కూర్చుని అంతా చెప్పినా. పాత బ్రౌజరు, వాకిలి, గదులు, ప్రశ్న, సీటు. జీవమ్మక్కకు నేను చెప్పిన మాట కూడా చెప్పినా, హారనుతో సహా.

ఆయమ్మ నూరేది ఆపల్యా.

"నీతో ఇరవై నాలుగేండ్లు కాపరం చేసినా. నువ్వు నిజం చెప్పేటప్పుడు ఒక్క ముక్కలో తేల్చేస్తావు. 'అన్నం మాడింది', 'మీ అన్న వచ్చినాడు'. అబద్ధమైతేనే బస్సు హారన్లూ, కొంగు ముళ్లూ అన్నీ వస్తాయి నీకు."

"నేను అబద్ధం చెప్తాండానంటావా?"

"నేనేమంటా. నువ్వే ఇన్ని సార్లు చెప్తాండావు. నేను ఒక్కసారి కూడా అడగల్యా."

లేచి వచ్చినా. డైరీ వెనక్కి తిప్పి చదివినా. ఆరో తేదీ కాడ ఉండాది: స్లిప్పు జీవమ్మక్క చేతికిచ్చినా. అంతే. దాని కింద ఎద మీద కార్డు, కునుకు, మంచి రోజు.

ఇంకేమన్నా రాసుంటానేమో అని పేజీ వెలుగులోకి పెట్టి కూడా చూసినా.

28 ఆగస్టు, శుక్రవారం

పొద్దున పదకొండుకు ఫోన్ చేసినా. నాగజ్యోతి, "కాయితం మీద మీ చేత్తో రాసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపండి సార్, నేను దగ్గరుండి ఎక్కిస్తాను" అనింది. నాలుగు కాగితాలు పాడు చేసినా. అయిదోది పంపినా. పన్నెండున్నరకు మళ్లా ఫోన్ వచ్చింది. జీవమ్మ, సోమవారం, కర్నూలు, లిస్టులో పేరు ఎక్కింది. స్లిప్పు కూడా పంపింది. మూడు సార్లు చదివినా. ఊరు చదివినా, తేదీ చదివినా, పేరు చదివినా. దీవెనకు ఫోన్లో కూడా చదివి వినిపించినా.

"మరి సీటు లేదన్న్యారే?" అనింది దీవెన.

"బస్సులో చెప్తా. నేనూ వస్తాండా" అన్న్యా.

కార్డు కవరులో పెట్టి కొరియరు అంగట్లో ఇచ్చినా. మెడ తేలికగా ఉండాది. మంచిదా చెడ్డదా తెలీదు.

నాగజ్యోతి పెట్టేసే ముందు ఒకటడిగింది. "తప్పు నాది సార్. లింకు తప్పు రాసింది నేను. మీరు చెప్పుంటే ఆగిపోయేది, అంతే. ఇంతకీ ఆ రోజు ఆమెకు ఏం చెప్పారు?"

ఫోన్లో చెప్పలేకపోయినా. సోమవారం బస్సులో జీవమ్మక్కకు చెప్పాల, దీవెన వింటాంటే. దానికి ముందు ఈడ రాసి చూసుకుంటాండా, నోరు తిరుగుతాదో లేదో.

ఆరో తేదీ జీవమ్మక్క స్లిప్పు నాకు వెనక్కిచ్చి, "నాకు కనపడదు, ఏం రాసినారో ఒక్కసారి చదివి చెప్పు అబ్బీ" అనింది. నాకు చదవబుద్ధి కాల్యా. ఇంగ్లీషు. పక్కన టీ అంగడాయన వింటాండాడు. కాగితం మొగానికి అడ్డం పెట్టుకుని, గొంతు పెద్దది చేసి చదివినట్టు చేసినా: "శ్రీమతి జీవమ్మగారికి కడప క్యాంపు డాక్టరమ్మ స్వయంగా ఎదురొచ్చి, కాళ్లకు నీళ్లిచ్చి, పూలమాల వేసి లోపలికి తోడ్కొని పోవును" అని. టీ అంగడాయన నవ్వినాడు. జీవమ్మక్క కూడా నవ్వింది, "కడపకేనా, సరే" అని కాగితం తీసుకుని పోయింది.

'కర్నూలని పడింది, కడపకు పోవాకు' అని నేను చెప్పల్యా. తల ఊపడం లేదు, కొంగు ముడి లేదు, ఆ పొద్దు ప్రొద్దుటూరు బస్సు వచ్చిందో లేదో కూడా నాకు తెలీదు. ఆ మాట మొత్తం నేను కల్పించింది. ఆ కాగితం నేను చదవనే ల్యా.